తొమ్మిదో పుస్తకం చివరి పేజీ

మైకెన్ పట్టపగలు తలుపు గడియ పెట్టింది. తల్‌సెలె ఊళ్ళో పగటిపూట గడియ పెట్టుకునే ఇల్లు లేదు. ఎవరైనా చూస్తే ఆ ఇంట్లో జబ్బో గొడవో అనుకుంటారు. అయినా పెట్టింది. వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద కూతురు రాసిన కొత్త పుస్తకం తెరిచి, పోయిన మొగుడి గడ్డం బ్లేడుతో చిట్టచివరి పేజీని కుట్టు పక్కనుంచి కోసింది. రెండుచోట్ల గీత వంకర పోయింది. కోసిన కాగితాన్ని కట్టెల పొయ్యిలో వేసి, అది నల్లబడి ముడుచుకునేదాకా అక్కడే నిలబడింది.

ఆ కృతజ్ఞతల పేజీలో ఉన్నవి నాలుగంటే నాలుగు వాక్యాలు. పుస్తకం దిద్దినావిడకి ఒకటి, సందేహాలు తీర్చిన పోలీసాయనకి ఒకటి. తక్కినవి రెండూ ఇవి: "అందరికన్నా ఎక్కువ రుణపడింది అమ్మకు. కొక్కేనికి వేలాడిన మంచు మేకుల సంగతి నాకిచ్చింది ఆమే."

డెబ్బై ఆరేళ్ళొచ్చాయి. ఇంతవరకూ ఎవరి పెరట్లోనూ అడక్కుండా ఒక పండు కోసి ఎరగదు. ఇవాళ కన్నకూతురి పుస్తకం కోసింది.

ఎందుకంటే ఆ పుస్తకం సాయంత్రానికల్లా స్నేహితురాలు సిగ్‌బ్రిట్ చేతికి చేరాలి.

సిగ్‌బ్రిట్ ఇల్లు సరస్సుకి అవతల, ముక్కులా పొడుచుకొచ్చిన గట్టు మీద ఉంది. రోడ్డున వెళ్తే చుట్టూ తిరిగి గంట పడుతుంది. చలికాలంలో సరస్సు గడ్డకట్టాక, మంచు మీద పాతిన చెట్టుకొమ్మల వరుస పట్టుకుని నడిస్తే పావుగంట. నలభై ఏళ్ళుగా ఇద్దరూ ఆ పావుగంట దారి నడుస్తూనే ఉన్నారు. కూతురు వెండెలా పుస్తకం బజారులోకి రావడానికి వారం ముందే తల్లికి ఒక ప్రతి వస్తుంది. మైకెన్ ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, నాలుగు రోజుల్లో చదువుతుంది. అయిదోరోజు అది సిగ్‌బ్రిట్‌కి వెళ్తుంది. ఎనిమిది పుస్తకాలూ అలాగే వెళ్ళాయి.

వెండెలా ముప్ఫై ఏడేళ్ళ దాకా ఒక ఆఫీసులో పన్నుల కాగితాలు చూసేది. అప్పట్లో తల్లి ప్రతి ఆదివారం ఫోన్ చేసి జాగ్రత్తలు చెప్పేది. మీ అపార్ట్‌మెంటు కింద అందరూ బట్టలు ఉతుక్కునే గది ఉంది కదే, అందులో వేడిగాలితో బట్టలారబెట్టే బీరువాలో ఎవరన్నా పిల్లని పెట్టి తలుపేస్తే ఎలాగే, ఆ వేడికి? వెండెలా నవ్వింది. నవ్వి, ఆ బీరువా మీదే ఒక హత్య నవల రాసింది. దాన్ని దేశంలో ప్రతి కొట్లోనూ బంగాళాదుంపల బుట్ట పక్కన గుట్టగా పోసి అమ్మారు. రెండోదానికి, వేటకి వెళ్ళినవాళ్ళు సాయంత్రం లెక్క చూసుకుంటే ఒక మనిషి తక్కువైతే ఎలా అన్న భయం పనికొచ్చింది. మూడోదానికి రూబార్బ్ ఆకు. కాడతో జామ్ చేసుకుంటాం గానీ ఆకు విషమని వివరంగా చెప్పింది సిగ్‌బ్రిట్. అందుకు ఆ పుస్తకం చివర ఆవిడ పేరు కూడా అచ్చయింది. ముప్ఫై భాషల్లోకి వెళ్ళాయి ఆ పుస్తకాలు. టీవీ వాళ్ళు తల్‌సెలెకి వచ్చి మైకెన్ వాకిలి ఫొటో తీసుకున్నారు. అట్ట వెనక వెండెలా నల్లకోటులో, పైన్ చెట్ల ముందు, నవ్వకుండా నిలబడి ఉంటుంది. మైకెన్ ఆ ఫొటో చూసినప్పుడల్లా ఒకటే అనేది: "ఆ చలిలో టోపీ లేకుండా నిలబెట్టారు నా పిల్లని."

పేరొచ్చాక ఫోన్ చేసేది కూతురే. ఆదివారం పదకొండు గంటలకి. "అమ్మా, ఈ వారం దేనికి భయపడ్డావ్?" అని మొదలుపెట్టేది. మైకెన్‌కి అది గర్వంగా ఉండేది. జన్మంతా అందరూ ఎగతాళి చేసిన భయాలు ఒక్క మనిషికైనా పనికొస్తున్నాయి.

అలా ఉండగా రెండేళ్ళ కిందట ఒక ఆదివారం వెండెలా ఏడ్చింది. ఏమీ రావడం లేదమ్మా, ఏడాదైంది ఒక్క పేజీ లేదు, పుస్తకాలేసేవాళ్ళు రోజూ అడుగుతున్నారు, నిద్ర మాత్ర వేసుకున్నా నిద్ర లేదు అంది. నిద్ర మాత్ర అన్న మాట వినగానే మైకెన్ కుర్చీలోంచి లేచింది. సీసా, ఖాళీ సీసా, ఎవరూ తీయని తలుపు, అన్నీ కళ్ళముందు ఆడాయి. చేతికి దొరికిందేదో విసిరి పిల్లని పైకి లాగాలనిపించింది. చేతికి దొరికింది సిగ్‌బ్రిట్ రహస్యం.

సిగ్‌బ్రిట్ మొగుడు హిల్డింగ్ పదకొండేళ్ళ కిందట, మార్చి నెలలో చేపలు పట్టడానికి వెళ్ళి మంచు విరిగి మునిగిపోయాడు. అతని మెడలో మంచు మేకులు లేవు. రెండు కర్ర పిడులు, వాటి కొనల్లో ఉక్కు మేకులు, రెంటినీ కలిపే తాడు: మంచు మీదికి వెళ్ళే ప్రతి మనిషీ మెడలో వేసుకునేవి. పడితే వాటిని అంచుకి గుచ్చుకుని పైకి పాక్కుంటూ వస్తారు. హిల్డింగ్ మరిచిపోయాడన్నారు ఊళ్ళో. ఒక సమాధుల పండగ సాయంత్రం, మొగుళ్ళ సమాధుల దగ్గర దీపాలు పెట్టి వచ్చాక, కాఫీ తాగుతూ సిగ్‌బ్రిట్ అసలు సంగతి చెప్పింది. హిల్డింగ్ పోయే ముందు మూడు రోజులుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఏదో పడవ అమ్మే విషయం. అతను బయటికెళ్ళి తలుపు మూసుకున్నాక చూస్తే మేకులు కొక్కేనికే ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే అతను ఇంకా మెట్ల దగ్గరే ఉన్నాడు. "పిలవచ్చు. పిలిస్తే ముందు నేనే మాట్లాడినట్టవుతుంది కదా అనుకున్నానే. అంతే. ఇంకేం లేదు." ఎవరికీ చెప్పకు అని కూడా అనలేదు సిగ్‌బ్రిట్. ఆ మాట అక్కర్లేదనుకుంది.

మైకెన్ అది కూతురికి చెప్పేసింది. చెప్పినకొద్దీ అటువైపు ఏడుపు ఆగింది, కాగితం చప్పుడైంది. పిల్ల బతికింది అనుకుంది మైకెన్. అప్పుడు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

ఇప్పుడు పుస్తకంలో ఆ ఊరు దక్షిణాన ఎక్కడో ఉంది. కథలో పెళ్ళాం మందుల షాపులో పనిచేస్తుంది, వయసు కూడా చిన్నదే. ఏటా ఎంతమంది మంచులో పడటం లేదు? చివరి పేజీ లేకపోతే సిగ్‌బ్రిట్ ఏదో పోలిక అనుకుని ఊరుకుంటుంది. అలా సర్దిచెప్పుకుని మైకెన్ మేకులు మెడలో వేసుకుంది, పుస్తకం సంచిలో పెట్టుకుంది. నడి చలికాలంలో లారీలు తిరిగే మంచు మీద కూడా ఆవిడ మేకుల్లేకుండా కాలు పెట్టదు. అందుకు ఊరంతా నవ్వుతారు.

"వచ్చావా!" సిగ్‌బ్రిట్ తలుపు దగ్గరే చెయ్యి చాపింది. ప్రతిసారీ అడిగేదే అడిగింది. "ఏమే, ఈసారి ఎవర్ని చంపింది నీ కూతురు?"

"మొగుణ్ణి."

"మంచిపని. దేంతో?"

మైకెన్ చేతితొడుగులు విప్పుతున్నట్టు తల వంచింది. "నీళ్ళలో."

సిగ్‌బ్రిట్ నవ్వు మొహం మీదే కాసేపు మిగిలింది, కానీ కళ్ళలోంచి పోయింది. "సరే," అంది. "బూట్లు విప్పి లోపలికి రా. యాలకుల బన్నులు వేడిగా ఉన్నాయి." మైకెన్ కడుపు బాగోలేదని చెప్పి వెనక్కి తిరిగింది.

సరస్సు మధ్యకి వచ్చాక గుర్తొచ్చింది. మూడో పుస్తకం నుంచీ సిగ్‌బ్రిట్ ముందు చదివేది కథ కాదు. చిట్టచివరి పేజీ. తన పేరు మళ్ళీ వచ్చిందేమోనని.

నాలుగు రోజులు సిగ్‌బ్రిట్ ఫోన్ చెయ్యలేదు. మైకెన్ చెయ్యలేకపోయింది. గురువారం నాడు చర్చి ముందుకి పుస్తకాల బస్సు వచ్చింది. రెండు వారాలకోసారి వచ్చే ఆ బస్సు నడిపేదీ, పుస్తకాలిచ్చేదీ హోల్గరే.

"జరగండి జరగండి, రచయిత్రి గారి అమ్మగారు వస్తున్నారు!" అన్నాడు లోపలున్న ఇద్దరితో. "మీ అమ్మాయి పుస్తకానికి నలభై మంది కాచుకుని ఉన్నారమ్మా. ఈసారి మరీ దుర్మార్గంగా రాసిందట కదా?"

"నాకేం తెలుసు నాయనా."

"సిగ్‌బ్రిట్ గారు పొద్దున్న పక్క ఊరి దగ్గరే పట్టుకున్నారు బస్సుని. తన పుస్తకంలో ఒక పేజీ తక్కువొచ్చిందట. కుట్టినవాడు తాగి కుట్టాడేమో అన్నాను. నవ్వలేదావిడ. ఆ మెట్టు మీదే కూర్చుని, ఆ పేజీ చదువుకుని, పుస్తకం నా చేతికిచ్చేశారు. తీసుకెళ్ళండమ్మా అంటే, ఉన్నది చాలు అన్నారు."

మైకెన్ బస్సు కమ్మీ పట్టుకుంది. పక్కనున్న ఆడమనిషి, "ఇంత పేరున్న కూతుర్ని కన్నావు, ఎంత అదృష్టం!" అంటుంటే, ఆ మాట చెంప మీద కొట్టినట్టే ఉంది. ఏ పుస్తకమూ తీసుకోకుండానే దిగిపోయింది.

ఆదివారం పదకొండుకి ఫోన్ మోగింది.

"అమ్మా, ఈ వారం దేనికి—"

"ఆ పేజీ ఎందుకు రాశావే?"

"ఆవిడ చూసిందా?"

"చూసింది."

"రాయకపోతే ఇంకా తప్పనిపించిందమ్మా. మొత్తం నీ దగ్గర్నుంచి తీసుకుని, నాదే అన్నట్టు ఊరుకోవడానికి సిగ్గేసింది. ఎనిమిది పుస్తకాలు అలాగే ఊరుకున్నాను."

"ఆ మాటలు నావి కావు కదే. ఆవిడవి."

"నీవి కూడా," అంది వెండెలా నెమ్మదిగా. "చివర్లో చెప్పింది నువ్వే. నేను దాంట్లో ఒక్క మాట మార్చలేదు." మళ్ళీ తనే, "నేను ఫోన్ చేసి చెప్పనా ఆవిడకి? అంతా నా కల్పనే అంటాను. నాకది అలవాటే, ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు నా మీద కోపంగానే ఉంటారు," అంది.

మైకెన్‌కి ఆ చివరి మాట గుచ్చుకుంది. ముప్ఫై భాషల్లో పేరున్న పిల్ల, టోపీ లేకుండా చలిలో నిలబడినట్టే ఉంది ఆ గొంతు. "వద్దు. నువ్వు అన్నం తిను," అని పెట్టేసింది.

కోటు తొడుక్కుని వెంటనే బయల్దేరింది. ఇంకో నిమిషం ఆగితే వెళ్ళలేనని తెలుసు. మార్చి ఎండకి మంచు పైపొర మెత్తబడి బూటు కింద చిత్తడిగా ఉంది. దారి పొడుగునా ఏదో మరిచిపోయినట్టే ఉంది. పొయ్యి ఆర్పానా లేదా అనుకుంది. చెప్పాల్సిన మాటలు మాత్రం కూర్చుకుంది. రాసేవాళ్ళు ఏవేవో కల్పిస్తారు సిగ్‌బ్రిట్, నేను చెప్పింది నువ్వు చెప్పినంతే, మిగతాది వెండెలా పైత్యం. వెండెలాయే ఒప్పుకుంది కదా అలా అంటానని. ఆ మాటలనే నాలుగుసార్లు వల్లించుకుంది.

సిగ్‌బ్రిట్ తలుపు తీసింది. పక్కకి జరిగింది, కానీ బూట్లు విప్పమనలేదు. బూట్లు విప్పమనని ఇంట్లోకి ఎవరూ అడుగు పెట్టరు. మైకెన్ గుమ్మం లోపల కాళ్ళు తుడుచుకునే పట్టా మీదే నిలబడింది. ఆ నడవా గోడకి హిల్డింగ్ మేకులు కొక్కేనికి అలాగే వేలాడుతున్నాయి. ఆవిడ వాటివైపు చూడకుండా ఉండటానికి నేల చూసింది.

"పేజీ కోసింది నువ్వేనా?"

"నేనే."

"బ్లేడుతోనా?"

"ఊఁ. మా ఆయనది."

"వంకరగా కోశావు. తొమ్మిది పుస్తకాలు చదివావు, ఆనవాలు మాయం చెయ్యడం కూడా నేర్చుకోలేదు నువ్వు." సిగ్‌బ్రిట్ నవ్వలేదు. "నువ్వు చెప్పావని తెలిసింది. పిల్ల ఏదో బాధలో ఉండి ఉంటుంది, చెప్పేసి ఉంటావు. అది నేను ఎలాగోలా మింగుతాను. ఇంకొకటుంది. పుస్తకంలో ఆవిడ ముందురోజు రాత్రే మేకులు తీసి పిండి డబ్బా వెనక దాస్తుంది. తెల్లారి మొగుడు వెళ్ళాక మళ్ళీ తీసి కొక్కేనికి పెడుతుంది. నీలం డబ్బా, మూత మీద సొట్ట. చదివావా?"

"చదివాను."

"అది నా డబ్బాయే. హిల్డింగ్ పోయిన ఏడాదికి కొన్నాను. నీ కూతురు నా వంటింట్లోకి వచ్చి పదిహేనేళ్ళయింది. దానికి ఆ డబ్బా తెలీదు. ఎవరు చెప్పారు?"

కూర్చుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. ఒక్కటి వదిలితే చాలు, నేరం వెండెలా మీదకి పోతుంది. ఆ పిల్లని పుట్టినప్పట్నుంచీ లేని గోతుల్లోంచి కూడా పక్కకి లాగుతూ వచ్చింది. ఇప్పుడు ఉన్న గోతిలోకి తనే తోయబోతోంది. మైకెన్ ఆ మాటలు పక్కన పెట్టింది.

"నేనే," అంది.

"ఏమని చెప్పావు?"

"దాచిందేమో అన్నాను. ఆ సొట్ట పడ్డ నీలం పిండి డబ్బా వెనకో ఎక్కడో దాచిపెట్టి తర్వాత తగిలించిందేమో, ఎవరికి తెలుసు అన్నాను. వెండెలా కల్పించలేదు సిగ్‌బ్రిట్. అది నేను అన్నదే."

"నువ్వు అలా అనుకున్నావా?"

"ఒక్క నిమిషం. నువ్వు చెప్పిన రాత్రి, పడుకున్నాక. నాకు ఏది విన్నా ముందు ఘోరమే కనిపిస్తుంది, నీకు తెలుసు కదా."

"తెలుసు," అంది సిగ్‌బ్రిట్. "నీ భయాలన్నీ మాకేమవుతుందో అని అనుకున్నాను ఇన్నాళ్ళూ. నన్ను చూసి కూడా భయపడ్డావని తెలీదు."

మైకెన్ తల ఎత్తలేకపోయింది. బూట్ల కింద కరిగిన నీళ్ళు పట్టా దాటి నేల మీదకి పాకుతున్నాయి. వంగి చేతితొడుగుతో తుడవబోయింది.

"ఉండనీ. నేను తుడుచుకుంటాను."

"సిగ్‌బ్రిట్, నన్ను క్షమించమని అడగడానికి—"

"అడక్కు. అడిగితే ఏదో ఒకటి చెప్పాల్సొస్తుంది నేను."

మైకెన్ తలుపు తీసుకుని మెట్లు దిగింది. గట్టు దిగి మంచు మీద కాలు పెట్టింది. నాలుగడుగులు, అయిదడుగులు. వెనక తలుపు మూసుకుంది. ఆ చప్పుడుకి ఆవిడ మెడ వంగిపోయింది. ఈ దారిలో తను మళ్ళీ నడవదనుకుంది.

ఆ వెంటనే తలుపు మళ్ళీ తెరుచుకుంది.

"మైకెన్!"

సరస్సంతా వినపడేలా అరిచింది సిగ్‌బ్రిట్. మైకెన్ తిరిగి చూసింది. సిగ్‌బ్రిట్ కోటు లేకుండా, ఉన్ని మేజోళ్ళతోనే మెట్లు దిగి మంచులో పరుగెత్తుకొస్తోంది.

"నీ మేకులేవే?"

మైకెన్ చెయ్యి తనంతట తనే గుండె మీదకి వెళ్ళింది. అక్కడ కోటు గుండీలు తప్ప ఏమీ లేవు.

సిగ్‌బ్రిట్ ఒడ్డున ఆగింది. ఒగురుస్తోంది. చేతిలో హిల్డింగ్ మేకులున్నాయి. దగ్గరికి రాకుండా, చెయ్యి బారుగా చాపి పట్టుకుంది.

"వేసుకో."

"అవి హిల్డింగ్—"

"ఎవరివో నాకు తెలుసు. వేసుకో. వాగు వచ్చి కలిసే చోట మంచు పల్చబడింది. కొమ్మల వరుసకి ఎడంగా నడువు."

మైకెన్ వెనక్కి వచ్చి, తాడు అందుకుని మెడలో వేసుకుంది. వేళ్ళు ముడి దగ్గర తడబడ్డాయి. సిగ్‌బ్రిట్ సాయం చెయ్యలేదు. తడిసిన మేజోళ్ళతో అక్కడే నిలబడి, ముడి పడేదాకా చూసింది.

"రేపు తెచ్చి కొక్కేనికి పెట్టు," అంది. "నాతో మాట్లాడక్కర్లేదు. పగలు గడియ పెట్టను, నీకు తెలుసు."

మైకెన్ తల ఊపింది. వీపు తిప్పి నడిచింది. ప్రతి అడుగుకీ కర్రపిడులు రెండూ గుండె మీద టక్ టక్ మని తగులుతున్నాయి. కోటు లోపల పెట్టుకుంటే తగలవు. కానీ ఆవిడ అలా పెట్టుకోలేదు. వెనక్కి చూడటానికి మొహం చెల్లలేదు. తలుపు మూసిన చప్పుడు మాత్రం అవతలి ఒడ్డు ఎక్కేదాకా వినపడలేదు.